ఆకాశంలో న్యాయమూర్తి లేడన్న జూ షీ: నిషేధం నుంచి పాఠ్యగ్రంథం దాకా

1200 ఏప్రిల్ 23న చైనాలోని ఫూజియాన్ ప్రాంతంలో తత్త్వవేత్త జూ షీ కన్నుమూశారు. అప్పటికి ఆయన బోధనలను సోంగ్ వంశ ప్రభుత్వం కపట విద్యగా ముద్రవేసి నిషేధించింది. పదవులన్నీ పోయాయి. ఆయన అంత్యక్రియలకు జనం గుమిగూడకుండా చూడాలని స్థానిక అధికారులకు ఆదేశాలు అందాయి. అయినా దాదాపు వెయ్యి మంది హాజరయ్యారు. తూర్పు ఆసియా ఆలోచనను ఏడు శతాబ్దాల పాటు శాసించబోయే పండితుడికి అది తుది వీడ్కోలు.

జూ షీ 1130లో ఫూజియాన్‌లోని యౌషీలో జన్మించారు. ఉత్తర చైనాను జుర్చెన్లు ఆక్రమించుకున్న రోజులవి. వారితో సంధిని వ్యతిరేకించిన తండ్రి జూ సోంగ్ ఉద్యోగం కోల్పోయి, కుమారుడికి చదువు చెప్పారు. ఆకాశానికి అవతల ఏముందన్న ప్రశ్న జూ షీని పసితనంలోనే వెంటాడింది. పదమూడేళ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకున్న ఆయన, 1148లో పద్దెనిమిదేళ్లకే అత్యున్నత రాజ్యపరీక్షలో ఉత్తీర్ణులయ్యారు.

యౌవనంలో ఆయనను ఆకర్షించింది భారతదేశం నుంచి వెళ్లి చైనాలో వేళ్లూనుకున్న బౌద్ధం, అందులోనూ ధ్యానమార్గం. లీ టోంగ్ అనే గురువు శిష్యరికంలో ఆయన తిరిగి కన్ఫ్యూషియస్ మార్గానికి వచ్చారు. లోకం శూన్యం కాదని, తల్లిదండ్రుల పట్ల, సమాజం పట్ల మనిషి బాధ్యతలు సత్యమని ఆయనకు నిశ్చయం కలిగింది. అయితే ఆ బాధ్యతలకు ఆధారమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానమే తర్వాతి కాలంలో నవ్య కన్ఫ్యూషియస్ వాదంగా పేరొందిన దర్శనంలో ఆయన నిర్మించిన భాగం.

ఆయన సమాధానం లీ, చీ అనే రెండు పదాల మీద నిలిచింది. జేడ్ రాయిని చెక్కడమన్న అర్థం పూర్వం లీ పదానికి ఉండేది. జూ షీ దృష్టిలో అది ప్రతి వస్తువునూ ఆ వస్తువుగా నిలిపే సూత్రం. చీ ఆ వస్తువుకు రూపమిచ్చే ప్రాణద్రవ్యం. సూత్రాలన్నింటి సమగ్ర రూపం తైజీ, అంటే పరమావధి. చంద్రుడు ఒక్కడే అయినా ప్రతి నదిలోనూ పూర్ణంగా ప్రతిబింబించినట్టు, ఆ పరమావధి ప్రతి ప్రాణిలోనూ పూర్ణంగా ఉంటుందని ఆయన బోధించారు.

మరి దేవుడి సంగతి? ప్రాచీన గ్రంథాలు స్వర్గాన్ని, ఊర్ధ్వలోక ప్రభువును ప్రస్తావించాయి. ఆకాశంలో ఒక వ్యక్తి కూర్చుని పాపాలకు తీర్పు చెబుతున్నాడనడం సరికాదని జూ షీ శిష్యులకు వివరించారు. అలాగని ఈ విశ్వానికి నియామకమే లేదనడం కూడా తప్పేనన్నారు. స్వర్గమంటే సూత్రమేనన్నది ఆయన నిర్ణయం. అయినా ఆయన పూజను విడిచిపెట్టలేదు. అధికారిగా కరవు వేళ వాన కోసం ప్రార్థించారు. పితృదేవతలకు నివేదనలు సమర్పించారు. పూర్వీకుల చీ సంతానంలో కొనసాగుతుంది కనుక శ్రద్ధతో చేసిన అర్పణకు స్పందన ఉంటుందని ఆయన భావించారు.

ఈ దర్శనం ఆచరణలోకీ వచ్చింది. 1171లో ఆయన స్వగ్రామంలో సామూహిక ధాన్యాగారం స్థాపించి, రైతులకు తక్కువ వడ్డీకి గింజలు అప్పు ఇప్పించారు. 1179లో నాన్‌కాంగ్ పాలకుడిగా వెళ్లి, శిథిలమైన శ్వేతమృగ గుహ విద్యాపీఠాన్ని పునరుద్ధరించారు. తనతో సిద్ధాంతపరంగా విభేదించిన లూ జియుయువాన్‌ను 1181లో అక్కడికే ఆహ్వానించి ఉపన్యాసం ఇప్పించారు.

1194లో చక్రవర్తికి ఆచార్యుడిగా నియమితులైన జూ షీ, రాజసభలో పెత్తనం చేస్తున్న హాన్ తువోజౌను విమర్శించారు. కొద్ది వారాల్లోనే ఆ పదవి పోయింది. ఆపై నేరారోపణలు, నిషేధం వచ్చాయి. ప్రియశిష్యుడు త్సాయ్ యువాన్‌డింగ్ ప్రవాసశిక్షలోనే మరణించారు. పైనుంచి తీర్పు చెప్పే వ్యక్తి లేడని బోధించిన మనిషి, తనకు జరిగిన అన్యాయానికి అక్కడ న్యాయం అడిగే వీలు లేదు. ఆయన చేయగలిగిందల్లా తన పని కొనసాగించడమే. మరణానికి కొద్ది రోజుల ముందు వరకూ మహావిద్య గ్రంథానికి రాసిన వ్యాఖ్యను సవరిస్తూనే ఉన్నారు.

తీర్పు ఆలస్యంగా వచ్చింది. 1241లో కన్ఫ్యూషియస్ ఆలయంలో ఆయనకు స్థానం దక్కింది. మంగోలుల యువాన్ ప్రభుత్వం 1313లో రాజ్యపరీక్షలకు ఆయన వ్యాఖ్యలనే ప్రామాణికం చేసింది. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యే దాకా అదే కొనసాగింది. చైనాకు వచ్చిన ఇటలీ మతగురువు మత్తెయో రిచ్చీ, తైజీ సృష్టికర్త కాజాలదని వాదించారు. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1716లో దానికి భిన్నంగా, లీ భావన దేవుడి భావనకు దగ్గరగా ఉందని రాశారు. ఆకాశానికి అవతల ఏముందని తలచుకున్న బాలుడి ప్రశ్న ఖండాలు దాటినా, అందరూ ఒప్పుకున్న సమాధానం నేటికీ లేదు.