లెక్కలకు తెలుగు నేర్పిన పావులూరి మల్లన

మరైగూడ నుంచి కొంట వెళ్తే శబరి నది కనిపిస్తుంది. ఆ నీళ్లు కూనవరం దగ్గర గోదావరిలో కలిసి రాజమహేంద్రవరం మీదుగా సముద్రానికి పోతాయి. దాదాపు వెయ్యేళ్ల క్రితం ఆ ఊరు రాజరాజ నరేంద్రుడి రాజధాని. నన్నయ భారతాన్ని తెలుగులో మొదలుపెట్టింది అక్కడే అని మనం చదువుకున్నాం. గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు మాత్రం మాలో చాలామంది వినలేదు.

ఆయన జీవితం గురించి తెలిసింది తక్కువే. పిఠాపురం దగ్గరి నవఖండవాడ అనే ఊరిని రాజరాజ నరేంద్రుడు మల్లనకు ఇచ్చాడని చెబుతారు. తాతా మనవళ్లిద్దరి పేరూ మల్లనే కావడంతో పుస్తకం రాసిందెవరని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. మన క్లాసులో ఒకే పేరున్న ఇద్దరి హాజరు తారుమారైనట్టే!

మూలం సంస్కృతంలోని గణితసారసంగ్రహం. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, జైన పండితుడు మహావీరాచార్యుడు రాశాడు. ఒకట్లు, పదులు, వందలు అంటూ అందులో 24 స్థానాలకు పేర్లున్నాయి. సంస్కృతం రానివాళ్లకు ఆ లెక్కలు అందేవి కావు. మల్లన వాటిని తెలుగు చేసి సారసంగ్రహ గణితము అన్నాడు. జనం మాత్రం పావులూరి గణితము అనే పిలిచారు.

మూలంలో హారంలా కనిపించే లెక్కలున్నాయి. 152207ను 73తో గుణిస్తే 11111111 వస్తుంది. మేం కాగితం మీద చేశాం. మొదటిసారి రాలేదు. మాలో ఒకరు పదుల స్థానంలోని సున్నాను వదిలేసి 15227 అని రాశారు. లక్షా యాభై రెండు వేల రెండు వందల ఏడు కాస్తా పదిహేను వేల రెండు వందల ఇరవై ఏడైంది; జవాబు 1111571, హారం తెగిపోయింది. అదే సంఖ్యలో రెండు 2లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి రెండు వేలు, రెండోది రెండు వందలు. ఆ రెండు వేలను వందలుగా మారిస్తే ఇరవై వందలు. బదిలీ మీద ఊరు మారిన మనలాగే, అంకె అదే, చోటు వేరు.

ఇంకో హారం మీకోసం: 142857143ను 7తో గుణించండి. జవాబు తెలుగులో వంద కోట్ల ఒకటి. సున్నాలు ఎన్నో లెక్కపెట్టండి; ఒక్కటి తగ్గినా పది కోట్ల ఒకటే మిగులుతుంది.