డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ గోదావరి తీరానికి...

జీవిత భాగస్వామి పోయాక ఇక బతకడమెందుకు? నాదర్‌గుల్‌లోని మా సంఘంలో ఒక పెద్దాయన నన్నడిగిన ప్రశ్న ఇది. ఆయన స్వస్థలం పల్నాడు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, భార్య ప్రభువునొద్దకు వెళ్లి ఏడాదైంది. సాయంత్రం ప్రార్థన ముగిసి అందరూ వెళ్లిపోయినా ఆయన కుర్చీలోనే కూర్చుని ఉండేవారు. సెమినరీలో నేను చదివిన వేదాంతం ఆ క్షణంలో అక్కరకు రాలేదు. ఆయన పల్నాడు మట్టినే తొక్కిన ఒక దైవజనుని కథ మాత్రం గుర్తొచ్చింది.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెడ్‌లో పుట్టారు. ఐరోపా నెపోలియన్ యుద్ధాలతో అట్టుడుకుతున్న ఆ రోజుల్లో తల్లిదండ్రులు పద్నాలుగేళ్ల కొడుకును ఫిలడెల్ఫియాలోని బంధువు దగ్గరికి పంపేశారు. అలా ఎడబాటు ఆయనకు చిన్ననాడే పరిచయమైంది. లూథరన్ బోధకుడయ్యారు. 1819లో ఇద్దరు పిల్లలున్న మేరీ అనే వితంతువును పెళ్లాడి, ఆ పిల్లలకూ తండ్రయ్యారు. వారికి మరో ఆరుగురు పిల్లలు కలిగారు. కొత్త సంఘాలు స్థాపిస్తూ ఆయన ఊరూరా తిరుగుతుంటే ఇంటి భారమంతా మేరీదే. 1839లో ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆయనకు నలభై ఐదేళ్లు.

రెండేళ్లు దాటాక ఆయన ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరారు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించి, అక్కడే పనిచేయమని ప్రోత్సహించారు. ఆంధ్రలో లూథరన్ సంఘానికి అదే పునాది. అయితే ఇక్కడ ఒక మాట చెప్పాలి. తల్లి లేని పిల్లలను విడిచి తండ్రి సముద్రం దాటడం గొప్ప త్యాగమని మనం ప్రసంగాల్లో సులువుగా అనేస్తాం. నలుగురు పిల్లల తండ్రిగా నాకది అంత సులువుగా మింగుడు పడదు. ఆ త్యాగంలో పిల్లల వాటా కూడా ఉంది, వాళ్లనెవరూ అడక్కుండానే!

కొన్నాళ్లకు అమెరికా తిరిగి వెళ్లిన హయ్యర్, ఇక్కడి రోగుల బాధ మరువలేక యాభై దాటిన వయసులో కుర్రాళ్ల పక్కన కూర్చుని వైద్యం చదివారు. పట్టా పుచ్చుకొని మళ్లీ వచ్చి, 1849 నుండి గురజాల కేంద్రంగా పల్నాడులో సేవ చేశారు. ఎండలకు, జ్వరాలకు పేరుపడ్డ సీమ అది. 1857లో ఆరోగ్యం సహకరించక తిరిగి వెళ్లిపోయారు. అంతటితో ఆయన పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

1869లో రాజమండ్రి మిషన్‌ను నడిపేవారు లేక, దానిని ఇంగ్లండు వారి మిషనరీ సొసైటీకి అప్పగించే ప్రయత్నం మొదలైంది. పెన్సిల్వేనియాలోని రీడింగ్‌లో జరిగిన సంఘ సభలో ఆ ముసలి బోధకుడు లేచి, తానే వెళ్తానన్నారు. ఎనభై ఐదేళ్ల వయసులో కొండసీమను అడిగిన కాలేబు (యెహోషువ 14) మనకు తెలుసు కదా! ఆ డిసెంబర్ 1న హయ్యర్ రాజమండ్రి చేరారు. వయసు డెబ్బై ఆరు. మరుసటి ఏడాది ఆయనకు తోడుగా వచ్చిన యువ మిషనరీ బెకర్ కొద్ది వారాలకే మరణించాడు. ఆ విషాదంలోనూ ముసలాయన పని ఆపలేదు. తరువాత వచ్చిన ష్మిట్‌కు బాధ్యతలు అప్పగించి, 1871 ఆరంభంలో బయలుదేరి వెళ్లారు.

చివరి రోజుల్లో ఆయన ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థులకు పెద్దదిక్కుగా ఉన్నారు. కన్నబిడ్డలకు దూరమై బతికిన ఆయనను అందరూ ఫాదర్ హయ్యర్ అనే పిలిచేవారు. 1873 నవంబర్ 7న ఎనభయ్యో ఏట కన్నుమూశారు. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ ప్రాంతంలో ముప్పై నాలుగేళ్లుగా మేరీ నిద్రిస్తున్న చోటే, ఆమె పక్కనే ఆయననూ పాతిపెట్టారు.