జలవైద్య గురువు సెబాస్టియన్ క్నైప్

రోగులకు స్వస్థత కూర్చి లోకమున పేరొందిన వారిలో ననేకులు వైద్యకళాశాలలలో చదివి పట్టములు పొందినవారు. సెబాస్టియన్ క్నైప్ అట్టివాడు కాడు. ఆయన పేద సాలెవాని కుమారుడు. పిదప కతోలిక గురువు. ఆయన చేతి పరికరము తోటమొక్కలకు నీరు పోయు డబ్బా. ఆయన మందు ఎల్లరకును దొరకు చన్నీరు. అయినను ఆయన బ్రతికియుండగనే ఆయన నివసించు పల్లెకు రాజవంశీయులును కూలివారును ఒకే త్రోవను నడిచి వచ్చిరి. ఈ మార్పు ఎట్లు కలిగెనో, ఆయన నేర్పినదానిలో నేటికిని నిలిచినదేదో, నిలువనిదేదో తెలిసికొనుట విద్యార్థులకును తలిదండ్రులకును ఉపయోగకరము.

బాల్యము

జర్మనీ దేశమందలి బవేరియాలో ఒట్టోబోయ్‌రెన్ అను ఊరికి సమీపమున స్టెఫాన్స్‌రీడ్ అను కుగ్రామము కలదు. 1821వ సంవత్సరము మే నెల 17వ తేదిని సెబాస్టియన్ అచ్చట జన్మించెను. తండ్రి క్సావేర్ నేతపనిచే కుటుంబమును పోషించుచుండెను. మగ్గము నేలమాళిగలో నుండెడిది. నూలు మిక్కిలి యెండినచో తెగును గనుక నేతకు చెమ్మగల చోటు కావలెను. ఆ చెమ్మయే నేయువాని రొమ్మునకు శత్రువు. తోడి పిల్లలు ఆటలాడుకొను వయస్సుననే సెబాస్టియన్ ఆ చీకటిగదిలో మగ్గము ముందు కూర్చుండవలసి వచ్చెను.

గురువు కావలెనని ఆ బాలుని కోరిక. దానికి లాటిను భాష రావలెను. ఉన్నత పాఠశాలలో చదువవలెను. తలిదండ్రులకు శక్తి లేదు. అతడు నేతకూలిలోను, పొలపు కూలిలోను మిగిల్చి, ఏండ్ల తరబడి కూడబెట్టి 70 గుల్డెను నాణెములు చేర్చెను. 1841లో ఇంటికి నిప్పంటుకొనెను. ఇల్లును, మగ్గమును, దాచిన సొమ్మును ఒక్కదినముననే బూడిదయ్యెను. అప్పటికాతని వయస్సు ఇరువది యేండ్లు. మరియొకడైనచో విధి తనకు విద్య రాయలేదని తలచి మగ్గమునకు మరలిపోయెడివాడు.

విద్యయు వ్యాధియు

సెబాస్టియన్ మరలిపోలేదు. తనకు చదువు చెప్పువారిని వెదకుచు ఊరూర తిరిగెను. పలువురు కాదనిరి. తుదకు 1842లో గ్రోనెన్‌బాఖ్ అను గ్రామమందలి మత్తియాస్ మెర్క్‌లె అను యువగురువు ఆతనిని చేరదీసి లాటిను నేర్పసాగెను. 1844లో డిల్లింగెన్ పట్టణపు ఉన్నత పాఠశాలలో ప్రవేశము లభించెను. అప్పటికి ఇరువదిమూడేండ్లవాడు, చుట్టును కూర్చున్నవారు తనకంటె ఎంతో చిన్నవారు. వారి నడుమ నొక పెద్దవాడు మొదటి పాఠములు వల్లించుట సులభమైన పని కాదు. సిగ్గును మ్రింగి చదివెను.

అంతలో దేహము ఓడిపోయెను. చెమ్మగదిలోని బాల్యము, చాలని భోజనము, రాత్రివేళల చదువు ఒక్కటై 1846, 1847 సంవత్సరములలో ఆతనిని క్షయరోగము పాలుచేసెను. దగ్గుతో నెత్తురు పడెను, దేహము చిక్కిపోయెను. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ కనుగొన్నది 1882లో. దానిని చంపు మందు మనుష్యులకు దొరికినది 1940 తరువాత. కావున నాటి వైద్యులు చేయగలిగినది స్వల్పము. ఆతడు గురుపట్టము పొందువరకు బ్రతుకునన్న ఆశ ఎవరికిని లేకుండెను.

నదిలో మునుక

1849లో ఒక గ్రంథాలయమున ఆతని చేతికి పాతపుస్తకమొకటి చిక్కెను. సిలీసియా దేశపు వైద్యుడు యోహాన్ సీగ్‌మండ్ హాన్ చన్నీటి గుణములను గూర్చి నూరేండ్లకు పూర్వము వ్రాసిన గ్రంథమది. మునుగుచున్నవాడు కొమ్మను పట్టుకొన్నట్లు సెబాస్టియన్ దానిని పట్టుకొనెను. ఆ సంవత్సరము నవంబరులో, మంచు కురియు కాలమున, డాన్యూబు నదికి పరుగెత్తెను. పరుగుచే ఒడలు వేడెక్కినంతనే బట్టలు విడిచి, మెడలోతు నీటిలో కొన్ని క్షణములు మాత్రము మునిగి, వెంటనే లేచి, తుడుచుకొనకయే బట్టలు తొడిగికొని, మరల పరుగెత్తి ఇల్లు చేరెను. వారమునకు రెండు మూడు మారులిట్లు చేయుచు వచ్చెను. కొలది నెలలలో ఆకలి పుట్టెను, బలము వచ్చెను, దగ్గు తగ్గెను.

ఇది నీటివలననే కలిగెనా? క్షయ కొందరిలో తనంతట తానే అణగుట కలదు. తెరపిగాలియు, నడకయు, ఆశయు తోడ్పడియుండవచ్చును. క్నైప్ మాత్రము నీటివలననే బ్రతికితినని నమ్మెను. 1850లో మ్యూనిఖ్ నగరమున గెయోర్గియానుం అను గురువిద్యాలయమున చేరినప్పుడు, రొమ్ము జబ్బుతో బాధపడుచున్న సహాధ్యాయికి రాత్రివేళ రహస్యముగా తోటలోని డబ్బాతో నీరు పోసెను. 1852 ఆగస్టులో గురుపట్టము పొందెను.

అభియోగములు

గురువైనది మొదలు బీబెర్‌బాఖ్, బోస్ అను గ్రామములలో రోగులు ఆయన తలుపు తట్టిరి. 1854లో కలరా వ్యాపించినప్పుడు బోస్ గ్రామమున వెనుదీయక రోగుల యిండ్లకు వెళ్లెను. జనులు ఆయనను కలరా గురువని పిలువసాగిరి. వైద్యులును ఔషధ విక్రేతలును ఊరకుండలేదు. పట్టము లేనివాడు చికిత్స చేయుచున్నాడని అధికారులకు ఫిర్యాదు చేసిరి. ఆయన సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. ఆ ఫిర్యాదులలో కొంత న్యాయమును లేకపోలేదు; శిక్షణ లేని చికిత్స ప్రాణహాని కలిగింపవచ్చును. కాని వైద్యునికి రుసుము ఇయ్యలేని బీదవాడు ఎక్కడికి పోవలెను? ఈ రెండు ధర్మముల నడుమ క్నైప్ జీవితాంతము నలిగెను. చికిత్స మానుదునని తలచినను, వాకిట నిలిచిన రోగిని చూచి మానలేకపోయెను.

వోరిస్‌హోఫెన్

1855లో ఆయనను వోరిస్‌హోఫెన్ గ్రామమున కన్యాస్త్రీల మఠమునకు గురువుగా పంపిరి. అచ్చట సుమారు ముప్పదియేండ్లు నిరాడంబరముగా గడిపెను. మఠపు పొలమును బాగుచేసెను. పశువులకు మేలైన మేత పండించెను. తేనెటీగలను పెంచుట గ్రామస్థులకు నేర్పెను. 1881లో ఆ విచారణకు పెద్ద గురువయ్యెను. రోగులు వచ్చినప్పుడు మఠపు చాకిరేవుగదియే చికిత్సాలయము.

ఈ కాలముననే ఆయన పద్ధతి పరిపక్వమయ్యెను. యౌవనమున ఆయన కావలసినది మంచునది. రానురాను నదికి మారుగా తొట్టియు, తొట్టికి మారుగా డబ్బాధారయు, తుదకు తెల్లవారుజామున తడిపచ్చికపై కొంచెముసేపు వట్టికాళ్ల నడకయు చాలునని తెలిసికొనెను. మొదట కఠినముగా చికిత్స చేసితినని, అనుభవము పెరిగినకొలది మృదువుగా మార్చుకొంటినని ఆయనయే ఒప్పుకొనెను. అల్పముతో పని తీరునప్పుడు అధికము వాడరాదనుట ఆయన నేర్చిన గొప్ప పాఠము.

ఆయన నియమములు సులభమైనవి. చల్లగానున్న ఒడలిపై చన్నీరు పోయరాదు; ముందు నడచియో పనిచేసియో వేడెక్కవలెను. ధారను కుడిపాదముకడ మొదలిడి పైకి తేవలెను. అది గుండెకు దూరమైన చోటు. కొలదిక్షణములే పోయవలెను. పిదప తుడువక బట్టలు ధరించి, వెచ్చదనము వచ్చువరకు కదలుచుండవలెను. దీనికి కారణము సుబోధము. గాలికంటె నీరు సుమారు 25 రెట్లు అధికముగా వేడిని ప్రసరింపజేయును. చన్నీరు తగిలినంతనే చర్మమందలి సన్నని రక్తనాళములు ముడుచుకొనును. నీరు తొలగి దేహము కదలినప్పుడు మరల విప్పారి వెచ్చని నెత్తురు పారును. ఆ వెచ్చదనము రానిచో స్నానము మేలుకు మారుగా కీడు చేయును.

ఎట్టి తొట్టి కావలెను?

క్నైప్ పద్ధతిలో పాత్రను అవయవము నిర్ణయించును, ధనము నిర్ణయింపదు. పాదస్నానమునకు పిక్కలవరకు నీరు నిలుచు లోతైన బకెట్టు చాలును. వెడల్పాటి పళ్లెము పనికిరాదు. చేతుల స్నానమునకు మోచేతి పైవరకు మునుగు పాత్ర కావలెను. దానిని బల్లపై నుంచినచో వంగవలసిన బాధ యుండదు. కటిస్నానమునకు వీపు ఆనుటకు అంచు ఎత్తుగానున్న తొట్టి మేలు. అర్ధస్నానమునకు కాళ్లు చాపి కూర్చుండునట్టి, బొడ్డువరకు నీరు పట్టునట్టి తొట్టి తగును. కీళ్లనొప్పి గలవారికి దేహమంతయు మునుగు పెద్దతొట్టి సుఖము. మెడవరకు నీటిలోనున్నవాని బరువు సుమారు పదియవ వంతుగా తోచును గనుక నొప్పిగల కీళ్లు సులభముగా కదలును.

కొయ్యతొట్టి వేడిని నిలుపును గాని శుభ్రపరచుట కష్టము. లోహపు తొట్టి త్వరగా చల్లారును గాని తోముట సులభము. ఏది కొన్నను అడుగు జారకుండవలెను. అంచు ముసలివారు దాటగలంత యెత్తున నుండవలెను. పట్టుకొనుటకు ఆధారము, నీరు పోవుటకు అడుగున రంధ్రము ఉండవలెను. వేడినీటి తొట్టినుండి చివుక్కున లేచినచో కన్నులు తిరుగును. కావున వృద్ధులను ఒంటరిగా విడువరాదు. గుండెజబ్బు గలవారును, గర్భవతులును వైద్యుని అడిగియే దిగవలెను. మధుమేహముచే పాదముల స్పర్శ తగ్గినవారికి వేడినీరు తెలియకయే కాలును; వారు మోచేతితోనో ఉష్ణమాపకముతోనో ముందు పరీక్షింపవలెను.

కీర్తియు మరణమును

1886లో క్నైప్ తన జలచికిత్సను గూర్చి గ్రంథము ప్రకటించెను. అది పలుమారులు అచ్చుపడెను. అనేక భాషలలోనికి మారెను. 1889లో ఆరోగ్యజీవనమును గూర్చి మరియొకటి వ్రాసెను. నీటితోపాటు మూలికలు, మితాహారము, శరీరశ్రమ, క్రమమైన దినచర్య కావలెనని ఆయన బోధించెను. చిన్నపల్లెకు ఏటేట వేలకొలది రోగులు రాసాగిరి. వైద్యులును వచ్చి ఆయనతో కలిసి పనిచేసిరి. చేరిన ధనమును తనకై దాచుకొనక, 1891లో సెబాస్టియానియుం అను ఆరోగ్యనిలయమును, పిదప రోగులైన పిల్లలకొక గృహమును నెలకొల్పెను. 1893లో రోము నగరమునుండి గౌరవపదవి లభించెను. మరుసటి సంవత్సరము ఆయన రోమునకు పోయి పోపు పదమూడవ లియోకు చికిత్స చేసెను. అప్పుడును ఆయన నివాసము పల్లెయే.

1897లో ఆయన ఉదరమున గడ్డ పెరిగెను. వైద్యులు శస్త్రచికిత్స సూచించిరి, ఆయన అంగీకరింపలేదు. తన నీటినే నమ్ముకొనెను. నీరు ఆ గడ్డను కరిగింపలేదు. ఆ సంవత్సరము జూన్ 17వ తేదిని, డెబ్బదియారేండ్ల ప్రాయమున, వోరిస్‌హోఫెన్‌లో మరణించెను. 1920లో ఆ గ్రామమునకు స్నానపట్టణమను అర్థమిచ్చు బాడ్ అను బిరుదు పేరునకు ముందు చేరెను. 2015లో ఆయన పద్ధతిని జర్మనీ తన జీవద్వారసత్వ సంప్రదాయములలో నొకటిగా లెక్కించెను.

నిలిచినది, నిలువనిది

ఆ కాలముననే జర్మనీలో లూయీ కూనె అను మరియొకడు లీప్జిగ్ నగరమున కటిస్నానపు తొట్టెలతో చికిత్స చేయుచుండెను. ఆయన గ్రంథమును 1894లో ద్రోణంరాజు వెంకటచలపతిశర్మగారు తెలుగున వెలువరించిరి. భారతదేశమున ప్రకృతిచికిత్సకు అది తొలిమెట్టని చెప్పుదురు. గాంధీమహాత్ముడును దక్షిణాఫ్రికాలో కూనె గ్రంథమును చదివి తొట్టిస్నానములు చేసెను. ఇట్లు ఆ జర్మను తొట్టి తెలుగువారి యిండ్లకును వచ్చినది.

అన్ని రోగములకు మూలమొక్కటే యనిన కూనె సిద్ధాంతమును నేటి శాస్త్రము అంగీకరింపదు. క్షయకు మందులున్నవి, మాసముల తరబడి విడువక పుచ్చుకొన్నచో నయమగును. కలరా వచ్చినవానికి ముఖ్యముగా కావలసినది పోయిన నీటిని, లవణములను వెంటనే లోపలికి చేర్చుట. గడ్డను కత్తిచే తీయవలసినప్పుడు తీయవలెను. నీటి తొట్టి వీనిలో దేనికిని బదులు కాదు. అలసిన కాళ్లకు, పట్టుకొన్న కండరములకు, నొచ్చు కీళ్లకు, నిద్రపట్టని రాత్రికి తగిన వేడిగల నీరు నేటికిని ఉపశమనమిచ్చును.

క్నైప్ జీవితమున మనము గ్రహింపవలసినది రెండు విధములు. ఇల్లు కాలిపోయినను చదువు మానలేదు. ఇరువదిమూడేండ్లకు పిల్లల నడుమ కూర్చుండుటకు వెరవలేదు. తనకు దొరికిన మేలును బీదల గుమ్మమువరకు కొనిపోయెను. ఇది అనుసరింపదగినది. నీటి మోతాదును ఏటేట తగ్గించుకొనిన ఆ వివేకి, తన కడపటి వ్యాధిలో నీటికి గల హద్దును చూడలేకపోయెను. ఇది జ్ఞాపకముంచుకొనదగినది. మనలను ఒకమారు రక్షించిన సాధనము ప్రతిమారును రక్షింపదు. ఇంటిలోని బకెట్టుతో తీరు బాధను బకెట్టుతో తీర్చుకొని, తీరనిదానిని ఆలసింపక వైద్యునికి చూపువాడే ఆయనకు నిజమైన శిష్యుడు.