గాంధీగారు చదివిన చట్టాలు

మా బాబాయి టాంజానియా వెళ్తానంటున్నాడు. కొల్లేటికోటలో పుట్టి చేపల చెరువుల మీదే బతికిన మనిషి. విక్టోరియా సరస్సు దగ్గర పదెకరాలు కొని చెరువులు తవ్విస్తాడట. ఆ ఇంగ్లీషు కాగితాలు నాకు వాట్సాప్‌లో పెట్టి చదివి చెప్పమన్నాడు. నేనేమో మెకానికల్! ఆఫ్రికా చట్టాలతో కుస్తీ పట్టిన మనవాళ్ళెవరా అని వెతికితే గాంధీగారు దొరికారు.

1893లో డర్బన్‌లో దిగేనాటికి ఆయనకి 23 ఏళ్ళు. లండన్‌లో బారిస్టరీ చదివారన్న మాటే గానీ, బొంబాయి కోర్టులో నోరు పెగల్లేదు. దాదా అబ్దుల్లా కంపెనీ దావా కోసం ఏడాది ఒప్పందం మీద వెళ్ళారు. రైల్లోంచి తోసేసిన కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నాకు నచ్చింది ఆ తర్వాతది. దావా అంతా లెక్కల మీదే నడుస్తోందని తెలిసి, పుస్తకం కొనుక్కుని మరీ జమాఖర్చులు నేర్చుకున్నారు.

ట్రాన్స్‌వాల్‌లో 1885 నాటి 3వ చట్టం ఉండేది. మనవాళ్ళు వాళ్ళకి కేటాయించిన పేటల్లో తప్ప భూమి కొనకూడదు. నేటాల్‌లో 1897లో వచ్చిన రెండు చట్టాలు ఇంకా తెలివైనవి, భారతీయుడు అన్న మాటే వాటిలో లేదు. దేశంలోకి రావాలంటే ఏదో ఒక యూరప్ భాషలో దరఖాస్తు రాయాలి. కొట్టు పెట్టాలంటే ఖాతా పుస్తకాలు ఇంగ్లీషులో ఉండాలి. లైసెన్సు అధికారి కాదంటే కోర్టుకెళ్ళే దారి లేదు. ఇక తెలుగు, గుజరాతీ ఎంత వచ్చి ఏం లాభం?

1860 నుంచి మద్రాసు ఓడల్లో మన తెలుగు కూలీలూ అక్కడికి వెళ్ళారు. ఒప్పందం ముగిశాక ఉండిపోతే, 1895 చట్టం ప్రకారం ఏటా 3 పౌండ్ల పన్ను. నెలకి 14 షిల్లింగులు దాటని వాళ్ళకి అది నాలుగు నెలల సంపాదన పైనే. 1913లో వేలమంది పని మానేసి నడిచాక, 1914లో ఆ పన్ను పోయింది. ఆ జూలైలోనే ఆయన ఆ దేశం వదిలారు. ఒకటి మాత్రం చెప్పుకోవాలి: అదే 1913లో నల్లవాళ్ళ భూమి హక్కుని కత్తిరించే చట్టం వచ్చింది, ఆయన పోరాటం మాత్రం మనవాళ్ళ దగ్గరే ఆగింది.

ఇదంతా చదివాక బాబాయి కాగితాలు మళ్ళీ తీశాను. టాంజానియాలో భూమంతా ప్రజలది, అధ్యక్షుడి పేర ఉంటుంది. విదేశీయుడికి సొంతం కాదు, పెట్టుబడి కోసం కొంతకాలం వాడుకునే హక్కే. కాగితంలో మాత్రం అమ్మకం అని ఉంది. డి-పట్టాకీ జిరాయితీకీ తేడా కొల్లేటివాళ్ళకి వేరే చెప్పాలా? నిన్న రాత్రి ఫోన్లో చెప్పాను. బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ లైను మళ్ళీ చదవమన్నాడు.