రుజువు అడిగిన హకీం అర్ రాజీ

జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరికి వెళతాం. ఆయనిచ్చిన మందు వాడతాం. నయమైతే మందు వల్లే నయమైందనుకుంటాం. ఆ మందు వాడకపోతే ఏమయ్యేదో ఎవరమూ ఆలోచించం. సరిగ్గా ఈ ప్రశ్ననే వెయ్యేళ్ళకు పూర్వం వేసిన మహావైద్యుడు అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్ రాజీ. యూరప్ వాళ్ళు ఆయన్ను రేజిస్ అని పిలుచుకున్నారు.

నేటి టెహ్రాన్ పక్కనే ఉన్న పురాతన నగరం రయ్‌లో హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో ఆయన జన్మించారు. ఊరి పేరే ఆయనకు ఇంటిపేరయింది. యువకుడిగా ఉన్నప్పుడు ఊద్ వాయించేవారని, రసవాదంలో మునిగి తేలేవారని చరిత్రకారులు రాశారు. వైద్యం వైపు మళ్ళేసరికి వయసు ముప్పై దాటింది. అయినా రయ్‌లోనూ, ఆ తర్వాత ఖలీఫాల రాజధాని బాగ్దాదులోనూ ఆసుపత్రులకు పెద్ద అయ్యారు. చదువుకు వయసు అడ్డు కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం మనకు అక్కర్లేదు.

రోగి దగ్గరే పాఠం

ఆయన పాఠం చెప్పే తీరును పదో శతాబ్దపు గ్రంథకర్త ఇబ్నున్నదీమ్ వర్ణించారు. మజ్లిస్‌లో గురువు కూర్చునేవారు. ఆయనకు దిగువన శిష్యులు, వారికి దిగువన ఆ శిష్యుల శిష్యులు, ఇంకా దిగువన మరికొందరు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగి తన బాధను ముందు చివరి వరుసకు చెప్పుకోవాలి. వారికి అంతు చిక్కకపోతే పై వరుస, వారికీ చిక్కకపోతే ఆ పై వరుస. ఎవరికీ తెలియనప్పుడే గురువు నోరు విప్పేవారు. పుస్తకంలో చదివినది రోగి దగ్గర నిలుస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోయేది. పేద రోగుల పట్ల ఆయన ఎంతో దయ చూపేవారని, వారికి డబ్బు కూడా ఇచ్చేవారని ఇబ్నున్నదీమ్ రాశారు. వైద్యుడు దొరకని పేదల కోసం ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రచించారు.

రెండు గుంపుల రోగులు

ఆ రోజుల్లో సర్సామ్ అనే మెదడు వాపు జబ్బు ప్రాణాంతకంగా ఉండేది. తల, మెడ బరువెక్కి రోజుల తరబడి నొప్పి, వెలుగు చూడలేకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని ముందస్తు లక్షణాలు. అలాంటివారికి నరం కోసి నెత్తురు తీయడం నాటి చికిత్స. అందరూ చేస్తున్నారు గనక తానూ చేయడంతో రాజీ ఊరుకోలేదు. లక్షణాలు కనిపించిన వారిలో కొందరికి నెత్తురు తీశారు. మరికొందరికి కావాలనే తీయలేదు. తీసినవారు జబ్బు నుంచి తప్పించుకున్నారని, తీయనివారికి జబ్బు ముదిరిందని రాసి పెట్టుకున్నారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. మెదడు వాపుకు నెత్తురు తీయడం చికిత్స కాదని నేటి వైద్యం చెబుతుంది. ఎవరిని ఏ గుంపులో చేర్చాలో వైద్యుడే నిర్ణయించాడు గనక ఆ పోలిక కూడా లోపం లేనిది కాదు. చికిత్స అందనివారు కూడా ప్రాణమున్న మనుషులే. అయినా ఒక చికిత్స మంచిదని చెప్పాలంటే అది అందనివారి గతి కూడా చూడాలన్న గ్రహింపు గొప్పది. ఆయన తేల్చిన ఫలితం నిలవలేదు. ఆయన అడిగిన ప్రశ్న నిలిచింది.

గురువుపైనా సందేహం

నాటి వైద్యులకు గ్రీకు పండితుడు జాలీనూస్, అంటే గాలెన్, తిరుగులేని ప్రమాణం. ఆయనపై తనకున్న సందేహాలను రాజీ ఒక గ్రంథంగా రాశారు. ఆయన మేలు ముందుగా ఒప్పుకుని, తన ఆసుపత్రుల్లో కళ్ళారా చూసిన జ్వరాలు ఆయన చెప్పిన తీరుకు ఎక్కడెక్కడ సరిపోలేదో ఆ తర్వాత చూపించారు. గౌరవం వేరు, గుడ్డినమ్మకం వేరు అని మనకు ఇంతకన్నా స్పష్టంగా చెప్పేదెవరు?

మశూచి, పొంగు వేరు వేరు జబ్బులని లక్షణాలతో సహా విడదీసి ఆయన రాసిన పుస్తకం శతాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది. పాదరసం ప్రభావం తెలుసుకోవడానికి ముందు ఒక కోతికి తాగించి చూశారు. ఆయన చూసిన దాదాపు 900 మంది రోగుల వివరాలను శిష్యులు గ్రంథస్థం చేశారు.

రాత్రింబవళ్ళు చదివి, రాసి ఆయన చూపు పోగొట్టుకున్నారు. రాసే చేయి కూడా పట్టు తప్పింది. అప్పుడూ ఇతరుల చేత చదివించుకుని, రాయించుకున్నారు. హిజ్రీ 313లో, అంటే క్రీ.శ. 925లో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రచనలు 184 అని అల్ బీరూనీ లెక్కకట్టారు.

హైదరాబాదు అచ్చులో అల్ హావీ

ఆయన మరణించాక సోదరి దగ్గరున్న కాగితాలను వజీరు ఇబ్నుల్ అమీద్ ధనమిచ్చి సేకరించి, శిష్యుల చేత కూర్పించారు. అదే అల్ హావీ. ఒక్కో జబ్బుకు ముందు గ్రీకు, సిరియా, పారశీక వైద్యుల మాటలు, మన చరక సుశ్రుతుల మాటలు కూడా పేర్కొని, చివరన తన అనుభవం ఇదీ అని విడిగా గుర్తుపెట్టి రాయడం అందులోని పద్ధతి. విన్నది ఏది, తాను కన్నది ఏది అన్నది చదివేవాడికి తెలిసిపోతుంది. 1279లో లాటిన్‌లోకి వెళ్ళిన ఆ గ్రంథపు అరబ్బీ మూలాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955 నుంచి 23 సంపుటాలుగా అచ్చువేసింది. ఇది మనం గర్వించదగిన విషయం.

ఆయన గురించి మనలో చాలామందికి తెలిసిన కథ ఒకటుంది. బాగ్దాదులో అజుదీ ఆసుపత్రికి స్థలం ఎంచడానికి ఊరి నలుమూలలా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఆలస్యంగా కుళ్ళిన చోటును ఎంచారంటారు. కాని ఆ ఆసుపత్రి తెరిచింది 982లో, ఆయన పోయిన అర్ధ శతాబ్దం తర్వాత. కథను రాసిన ఇబ్ను అబీ ఉసైబియానే ఈ చిక్కును ఎత్తిచూపారు. రుజువు అడిగిన మనిషి జీవితాన్ని కూడా రుజువు చూసే చెప్పుకోవాలి కదా!

1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించినప్పుడు రోగులను చీట్లు తీసినట్టు, వైద్యుడి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా రెండు గుంపులు చేశారు. రాజీ పోలికలోని లోపం అలా తీరింది. 1990ల మొదట్లో కెనడా వైద్యులు ఈ ఆలోచనా విధానానికి ఆధార సహిత వైద్యం అని పేరు పెట్టారు. నేడు వైద్యులే కాదు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, సంక్షేమ సేవకులు కూడా దీన్ని పీజీ చదువుగా చదువుతున్నారు. ప్రశ్నను సరిగ్గా అడగడం, ఉన్న రుజువులన్నీ వెతకడం, వాటిని తూచడం, ఎదుట ఉన్న మనిషికి వర్తిస్తాయో లేదో చూడడం ఆ చదువు సారాంశం.

ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. ఫలానా మందుతో ఫలానావారికి తగ్గిందని ఒకరు చెబుతారు. తగ్గనివారు ఎందరో, మందు వాడకుండానే తగ్గినవారు ఎందరో కూడా అడుగుదాం. అది వైద్యుడిని అవమానించడం కాదు. రాజీ తన గురువులకు చేసిన గౌరవం అదే.