దండును నిలబెట్టిన తల్లి సమ్మక్క

ప్రతి రెండేళ్లకు మాఘమాసంలో చొప్పదండి నుంచి కూడా మనవాళ్లు బంగారం (బెల్లం) మూట కట్టుకొని మేడారం పోతారు. మొక్కు చెల్లించి వస్తారు. ఆ తల్లి తనవాళ్లను ఎట్లా నడిపించిందో యువత తెలుసుకోవాలి. ఈ చరిత్ర తరతరాలుగా పెద్దల నోట మనకు వచ్చింది. చెప్పేవాళ్లను బట్టి కొంత తేడా ఉంటుంది.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని పొలవాసను ఏలిన మేడరాజు వేటకు పోయినప్పుడు, అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిపాప కనిపించిందట. తెచ్చి, సమ్మక్క అని పేరు పెట్టి పెంచాడు. పెద్దయ్యాక మేడారం దొర పగిడిద్దరాజుకు ఇచ్చి పెండ్లి చేశాడు. వారికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. సమ్మక్క చెయ్యి తగిలితే రోగాలు నయమయ్యేవని చెప్తారు.

వరుసగా కరువొచ్చింది. పగిడిద్దరాజు కాకతీయులకు కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుని సైన్యం మేడారం మీదికి వచ్చింది. సంపెంగవాగు దగ్గర పోరు సాగింది. పగిడిద్దరాజు, సారలమ్మ, ఆమె భర్త గోవిందరాజు, నాగులమ్మ నేలకొరిగారు. జంపన్న వాగులో దూకి ప్రాణం విడిచాడు. నాటి నుంచి అది జంపన్నవాగు అయింది.

దొర పడిపోతే దండు చెదిరిపోవడం యుద్ధాల్లో మామూలు. ఇక్కడ అట్లా కాలేదు. అయినవాళ్లను పోగొట్టుకున్న సమ్మక్క ఆయుధం పట్టి ముందుకొచ్చింది. ఆమె వెంట కోయలు నిలబడి కొట్లాడారు. ఎదురుగా గెలవలేని శత్రువు వెనక నుంచి పొడిచాడు. ఆ గాయంతోనే ఆమె చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతకబోయినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది.

పగిడిద్దరాజుకు, జంపన్నకు ధైర్యం తక్కువేం కాదు. సమ్మక్క ఆడది కాబట్టే గెలుచుకుందనడం కూడా సగం మాటే. రోగమొచ్చిన నాడు తోడున్న మనిషే ఆపద నాడు ముందు నిలబడింది. ఆ నమ్మకమే దండును కలిపి ఉంచింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం వెంట ఆదివాసులు నిలిచింది కూడా అట్లాంటి నమ్మకంతోనే.

గద్దెల మీద సమ్మక్క, సారలమ్మలకు మొక్కుతాం. మరి సంఘాల్లో అధ్యక్ష పదవి మాట వచ్చేసరికి ఆడపిల్ల పేరు ఎందుకు గుర్తుకు రాదు? స్వాగతం చెప్పడానికి, హారతి పళ్లెం పట్టడానికే ఆమెను పిలిస్తే సరిపోతుందా? తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈసారి కమిటీ వేసేటప్పుడు ఎవరు గొంతు పెద్దదో చూడకండి. కష్టంలో ఎవరు ముందుగా వస్తారో చూడండి. తల్లికి మనం చెల్లించే మొక్కు అదే.

జై సమ్మక్క! జై సారలమ్మ!