ఒక్క యంత్రం... ఎన్నో వాటాలు!

పార్వతీపురం, విశాఖపట్నం, శ్రీకాకుళం, బెజవాడ, కర్నూలు, అనంతపురం... ఈ ఊళ్లకీ, కంప్యూటర్‌కి పునాది వేసిన ఇంగ్లీషు గణిత శాస్త్రవేత్తకీ ఏమిటి సంబంధం అనుకుంటున్నారా? ఉందండీ! అలన్ ట్యూరింగ్ తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. పెళ్లయ్యాక భార్యని వెంటబెట్టుకుని ఉద్యోగరీత్యా ఈ ఊళ్లన్నీ తిరిగారు. తల్లి ఎథెల్ సారా పుట్టిందే కోయంబత్తూరు దగ్గర పోదనూరులో. ఆవిడ తండ్రి మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్ర మీద వంతెన కట్టిన ఇంజనీరు ఆయనే. చప్పుడు చెయ్యని పంకా చక్రాన్ని కనిపెట్టిందీ ఆయనే!

1911లో ఈ దంపతులు గంజాం జిల్లా ఛత్రపురంలో ఉండగా ఎథెల్ సారా రెండోసారి నెల తప్పారు. కాన్పుకి ఇంగ్లండు వెళ్లారు. 1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టాడు. మన ఎండలు పిల్లల ఒంటికి పడవన్న భయంతో పసివాణ్ణి, వాడి అన్న జాన్‌ని అక్కడే ఓ రిటైర్డ్ కల్నల్ దంపతుల ఇంట్లో ఉంచి, తల్లి మళ్లీ ఓడెక్కి ఇక్కడికి వచ్చేశారు. అప్పటికి చిన్నవాడికి ఏడాది దాటి మూడు నెలలు. ఆ తర్వాత బాల్యమంతా అమ్మానాన్నల రాకపోకల మధ్యే గడిచింది. ఆ ఓడలో ఆ తల్లి మనసు ఎలా ఉండి ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

పిల్లవాడు మహా మొండి. 1926లో కొత్త స్కూల్లో చేరాల్సిన రోజుకి దేశమంతా సమ్మె, రైళ్లు లేవు. పదమూడేళ్లవాడు సైకిలెక్కి అరవై మైళ్లు ఒంటరిగా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు! ఆ స్కూల్లోనే దొరికిన ప్రాణస్నేహితుడు క్రిస్టఫర్ 1930లో క్షయతో చనిపోయాడు. ఆ బెంగ అలన్‌ని చాలాకాలం వదల్లేదు.

కేంబ్రిడ్జిలో చదివి, 1936లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే కాయితం మీద లెక్కలు చేసే మనిషి. అలాంటి మనిషి చేసే పనిని యంత్రం ఒక్కో మెట్టుగా ఎలా చేయగలదో ఆయన ఊహించారు. ఒక్కో లెక్కకి ఒక్కో యంత్రం అక్కర్లేదన్నారు. వేరే యంత్రం పనిచేసే తీరుని రాసి చేతికిస్తే, దాని పనిని అచ్చంగా చేసిపెట్టే యంత్రం ఒక్కటి చాలని నిరూపించారు. అప్పటికి అలాంటి యంత్రం లోకంలో ఎక్కడా లేదు.

మా చెల్లెలి కూతురు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. దాని పనేమిటో నాకు అర్థమైంది ఈ వ్యాసం గురించి తెలుసుకున్నాకే. ఒక పెద్ద సర్వర్ ఉంటుంది. దాన్ని మన ఇళ్లల్లాగే వాటాలు చేస్తారు. ప్రతి వాటా తనే విడి కంప్యూటర్ అనుకుంటుంది. దేని తాళం దానిదే. ఒక వాటాలో స్టవ్ ఆరిపోయినా పక్కవాళ్ల వంట ఆగదు. ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో చూసుకోవడం దీని పని. అందరూ ఒకేసారి కొళాయి తిప్పితే నీళ్లు చాలవు కదా, అదీ లెక్క వేసుకోవాలి. ఇల్లు మరమ్మతుకొస్తే, వాటాలో వాళ్లకి నిద్రాభంగం లేకుండా వేరే ఇంటికి మార్చేస్తుందట!

ఈ వాటాల పద్ధతిని ఐ.బి.ఎం. ఇంజనీర్లు 1960ల్లో తయారు చేశారు. 1999లో దాన్ని మామూలు పి.సి.ల మీదికి తెచ్చిన వీఎంవేర్ స్థాపకుల్లో డయాన్ గ్రీన్ అనే మహిళ ఉన్నారు. కానీ ఒక యంత్రం ఇంకో యంత్రంలా నడుచుకోగలదన్న మూలం మాత్రం 1936 నాటిదే. ఏ ప్రోగ్రామ్ ఆగుతుందో, ఏది ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందో అన్ని సందర్భాల్లోనూ ముందే చెప్పే పద్ధతి ఉండదన్నదీ ఆ వ్యాసం నుంచి వచ్చిన సంగతే. అందుకే మా పిల్లకి రాత్రి కాపలా డ్యూటీలు తప్పవు.

యుద్ధంలో ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు ఛేదించే పనిలో చేరారు. టీ కప్పు ఎవరూ పట్టుకుపోకుండా గొలుసుతో కట్టేసుకునేవారట! అక్కడ పనిచేసినవాళ్లలో ముప్పాతికమంది ఆడవాళ్లే. వాళ్లలో జోన్ క్లార్క్ అనే గణితవేత్తతో 1941లో ఆయనకి పెళ్లి నిశ్చయమైంది. తనకి మగవాళ్ల మీదే ఇష్టమని ఆమెకి దాచకుండా చెప్పారు. ఆమె కాదనలేదు. అయినా ఆమెకి అన్యాయం చెయ్యలేక ఆయనే విరమించుకున్నారు. స్నేహం మాత్రం నిలిచింది.

యుద్ధం అయ్యాక నిజమైన కంప్యూటర్‌కి రూపకల్పన చేశారు. 1947 ఫిబ్రవరిలో లండన్‌లో ప్రసంగిస్తూ, దూరాన ఉన్న కంప్యూటర్‌ని టెలిఫోన్ లైను మీద నడిపించడం సాధ్యమేనన్నారు. ఇప్పుడు మనం క్లౌడ్ అంటున్నది ఇంచుమించు ఇదే కదా! యంత్రానికి కావలసినవి అందిస్తూ, చెడిపోయినవి బాగుచేసే పనివాళ్లు ఉంటారని కూడా అదే ప్రసంగంలో చెప్పారు. మా పిల్ల ఉద్యోగం గురించి అది పుట్టకముందే చెప్పినట్టుంది!

1952లో ఇంట్లో దొంగతనం జరిగిందని ఆయన పోలీసుల దగ్గరికి వెళ్లారు. ఆ విచారణలో ఒక యువకుడితో ఉన్న సంబంధం బయటపడింది. అప్పటి చట్టప్రకారం అది నేరం. జైలా, హార్మోన్ల వైద్యమా అంటే ఏడాదిపాటు ఆ వైద్యానికి ఒప్పుకున్నారు. రహస్య ప్రభుత్వ పనులకి దూరం పెట్టేశారు. 1954 జూన్ 7న సైనైడ్‌తో పోయారు. మర్నాడు పనిమనిషి వచ్చి చూసింది. పక్కన సగం కొరికిన ఆపిల్ పండు. వయసు 41. విచారణలో ఆత్మహత్య అని తేల్చారు.

తల్లి మాత్రం నమ్మలేదు. రసాయనాలతో ప్రయోగాలు చేస్తూ అజాగ్రత్తగా ఉన్నాడనే అనుకున్నారు. 1959లో, డెబ్బై ఏడేళ్ల వయసులో, కొడుకు జీవితకథ తనే రాసి అచ్చు వేయించారు. యుద్ధంలో వాడేం చేశాడో అప్పటికింకా దేశరహస్యం. ఆ ముఖ్యమైన అధ్యాయం లేకుండానే ఆ పుస్తకం వచ్చింది. 1976లో ఆవిడ కన్నుమూశారు. బ్రిటిష్ ప్రభుత్వ క్షమాపణ 2009లో, రాణి క్షమాభిక్ష 2013లో, 50 పౌండ్ల నోటు మీద బొమ్మ 2021లో వచ్చాయి.

ఈసారి పిల్లల ఫొటోలు క్లౌడ్‌లో దాచుకుంటున్నప్పుడు, వాటిని కాపాడే ఎన్నో వాటాల యంత్రం వెనక ఎవరి ఆలోచన ఉందో ఒక్కసారి గుర్తుచేసుకోండి. సముద్రానికి అవతల బిడ్డని వదిలి మన ఊళ్లల్లో తిరిగిన ఆ అమ్మని కూడా.